కుండీలో పుల్ల

మంగళవారం పొద్దున రాయదుర్గం మెట్రో మెట్లు దిగుతుంటే నర్సరీ నుంచి మెసేజ్ వచ్చింది. "మేడమ్, ఈ వారం మొక్కల మార్పిడి లేదు. మాలి నిన్న ఎక్స్‌పైర్ అయ్యాడు. వచ్చే వారం కొత్త మనిషి వస్తాడు." ముందు మొక్కల సంగతి, ఆ తర్వాత మనిషి సంగతి. మెట్ల మధ్యలో రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను. వెనకాల జనం విసుక్కుంటూ పక్కనుంచి దిగిపోతున్నారు. ఆ మెసేజ్ కిందే ఫోన్‌లో నేను పెట్టుకున్న రిమైండర్ ఒకటి వెలుగుతోంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

మాలి అని మెసేజ్‌లో రాశారు గానీ మా ఆఫీసులో అందరికీ ఆయన తాత. ఇక్కడి ఆఫీసుల్లో కనిపించే మొక్కలు ఆఫీసువాళ్ళు కొన్నవి కావని చాలామందికి తెలియదు. నర్సరీవాళ్ళు నెలవారీ అద్దెకి తెచ్చి పెడతారు. ఏసీలో ఉండీ ఉండీ వాడిపోయినవాటిని పట్టుకెళ్ళి నీడలో తేరుకోనిస్తారు, వాటి చోట వేరేవి పెడతారు. మా ఆరో అంతస్తుకి ఆ పని చేసే మనిషి తాత. ఆ పని చూసుకోవాల్సిన అడ్మిన్ మనిషిని నేను. మాది గోదావరి వైపు, కాపురం కూకట్‌పల్లిలో. ఆయనది ఇక్కడే, ఈ అద్దాల మేడలకి అవతల ఉన్న ఒక ఊరు. నేను ఆయన్ని మీరు అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవారు.

నర్సరీ ఓనరుకి ఫోన్ చేస్తే చెప్పాడు. నర్సరీ వెనక గదిలోనే తాత ఒక్కరూ ఉండేవారు. శనివారం తెల్లారి లేచి చాయ్ పెట్టుకుందామని స్టవ్ దగ్గర లైటర్ నొక్కారట. పైపు లీకై అప్పటికే గదంతా గ్యాస్ నిండి ఉంది. రెండు రోజులు దవాఖానలో ఉండి సోమవారం పొద్దున పోయారు. అంతా చెప్పి, ఓనరు గొంతు తగ్గించాడు. "అంత వాసన తెలీకుండా ఎలా ఉంటుంది మేడమ్? ముందు రోజు వేసుకుని పడుకున్నట్టున్నాడు." మధ్యాహ్నానికి ఆ మాట మా పాంట్రీకీ వచ్చేసింది. పాపం మంచాయనే, తాగుడు చంపేసిందట అని ఒకడు టీ కలుపుకుంటూ చెబుతున్నాడు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "నువ్వు చూశావా ఆయన తాగడం?" అని అడిగేశాను.

తాత తాగరు. ఆయనకి ఆ వాసన ఎందుకు తెలియలేదో, ఆయన కాక తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసీ నెలల తరబడి నోరు మూసుకున్నాను. ఆయన్ని తలుచుకోవాలనీ, ఆ నింద తుడవాలనీ ఇది రాస్తున్నాను. మొదటిది హాయిగా రాయగలను. రెండోదానికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి లాగుతోంది.

మొదటి సంగతి మొదట. నేను ఉద్యోగంలో చేరిన నెలలోనే కిటికీ పక్కన ఉన్న జీజీ ప్లాంట్ పసుపు తిరిగింది. దాన్ని చంపడం ఎవరివల్లా కాదంటారు, అంత గట్టి మొక్క. నీళ్ళు ఎక్కువయ్యాయేమో అని నేను పెద్ద తెలిసినదానిలా అన్నాను. తాత భుజాన తడిగుడ్డ వేసుకుని వచ్చారు. వంగి, కాసింత మట్టి వేళ్ళతో గిల్లి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగారు.

"నీళ్లు గాదు బిడ్డా. చాయ్ పోస్తున్నరు ఎవరో. చక్కెర ఎక్కువేసిన చాయ్."

ఎవరా అని రెండు రోజులు కాపు కాశాను. మా మేనేజర్ గారే. కప్పు అడుగున మిగిలింది రోజూ కుండీలో వంచుతున్నారు. తాత ఆయన దగ్గరికి వెళ్ళి చాలా మర్యాదగా, "సారూ, మీకు షుగరు లేకపోవచ్చు గని మొక్కకు తెప్పిస్తున్నరు జర" అన్నారు. ఆ మేనేజర్ నవ్వేసి మానేశారు. అదే నేను చెబితే నా అప్రైజల్ మీదికి వచ్చేది.

ఆయన పనంతా ముక్కుతోనే. మిగతా మాలీలు ఆకులు తుడిచి, నీళ్ళు కొట్టి వెళ్ళిపోతారు. ఈయన ప్రతి మంగళవారం నలభై రెండు కుండీల ముందూ వంగి మట్టి వాసన చూసేవారు. వేరు కుళ్ళడం మొదలైతే ఆకుకి తెలిసేసరికి వారం, పది రోజులు పడుతుందనీ, మట్టికి ఆ రోజే తెలుస్తుందనీ చెప్పేవారు. "ఆకు అబద్ధమాడ్తది బిడ్డా, మట్టి ఆడదు" అనేవారు. మా ఆఫీసు పిల్లలు ల్యాప్‌టాప్‌ల మీదనుంచి తలెత్తి ఆయన వంగడం చూసి నవ్వుకునేవారు గానీ, ఆయన చేతిలో మొక్క చచ్చిన దాఖలా లేదు.

కొత్త రకాలు ఎంచుకోవడం నేర్పింది కూడా ఆయనే. ఒకసారి విదేశీ క్లయింట్లు వస్తున్నారని, ఎక్కడా లేని వెరైటీ ఏదైనా రిసెప్షన్‌లో పెట్టమని పైనుంచి ఆర్డరు. బాచుపల్లి దాటాక ఉన్న వాళ్ళ నర్సరీకి నేనే వెళ్ళాను. పచ్చటి వల పందిరి కింద వరసలు వరసలుగా ఉన్నాయి. నా కళ్ళు ఒక ఫిలోడెండ్రాన్ మీద పడ్డాయి. ముదురాకుపచ్చ మీద గులాబీ మచ్చలు, రంగు చల్లినట్టు. అదే కావాలన్నాను. తాత ఆకుల వంక కన్నెత్తి చూడలేదు. కుండీ లేపి బరువు చూశారు. తిరగేసి అడుగు చిల్లుల్లోంచి వేళ్ళు కనిపిస్తున్నాయేమో చూశారు. ఆకు వెనక్కి తిప్పి ఈనెల సందుల్లో తెల్లపురుగు ఉందేమో గోటితో గీరారు. చివరికి ముక్కు.

"వద్దు బిడ్డా. పైకి మెరుస్తున్నది గని పెయ్యి మంచిగ లేదు."

పెయ్యి అంటే వాళ్ళ మాటలో ఒళ్ళు. నేను వింటానా? ఫోటో అప్పటికే బాస్‌కి పంపేశాను. ఆయన వాదించలేదు. అయితే ఒక్క షరతు పెట్టారు. కొత్త మొక్క ఏదైనా పదిహేను దినాలు మెట్ల దగ్గర ఒంటరిగా ఉండాలి, పాతవాటితో కలపకూడదు, కుండీ మార్చకూడదు, ఎరువు వేయకూడదు. "కొత్తగ వచ్చిన కోడలిని గదే దినం పొయ్యి కాడ కూసోబెడ్తమా? ఇల్లు జర అలవాటు కానీ" అన్నారు. నేను మూతి ముడుచుకున్నాను. క్లయింట్లు వచ్చే రోజుకి ఆ గులాబీ మొక్క ఫైర్ ఎగ్జిట్ మెట్ల దగ్గరే ఉంది. తొమ్మిదో రోజున మొదలంటా మెత్తబడి వాలిపోయింది. కుండీలోంచి లాగితే వేళ్ళు నల్లగా జారిపోయాయి. రిసెప్షన్‌లో పాతవాటి మధ్య పెట్టి ఉంటే ఎన్నిటికి అంటుకునేదో. నేను చెప్పాను కదా అన్న మాట ఆయన నోట రాలేదు. అలా అనని మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను.

ఆ రోజు నర్సరీలో ఆయన గదిలో చాయ్ తాగాను. రేకుల గది, ఒక నులక మంచం, మేకుకి రెండు చొక్కాలు, మూల చిన్న సిలిండర్, దాని పక్కన స్టవ్. ఎంతసేపూ నా కళ్ళు రబ్బరు పైపు మీదే ఉన్నాయి. బీటలు వారి, గట్టిపడి, ఒకచోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది.

"తాతా, ఇది మార్పించండి. భయం వేస్తోంది నాకు."

"ఫికర్ చేయకు బిడ్డా. జరంత లీకైనా నా ముక్కు లేపుతది. నిద్రల సుత తెలుస్తది నాకు."

ఆయన ముక్కు మీద నాకూ అంత నమ్మకమే. అల్లం చాయ్ బాగుందని చెప్పి వచ్చేశాను.

పోయిన చలికాలం ఆయనకి జ్వరం వచ్చింది. మూడు వారాలు రాలేదు. వచ్చినప్పుడు చెంపలు లోపలికి పోయి, చొక్కా హ్యాంగర్‌కి తగిలించినట్టు ఉంది. అయినా మంగళవారం తప్పలేదు, వంగడమూ తప్పలేదు. ఆ నెలలో రిసెప్షన్ దగ్గరి కలాథియా, దాన్ని ఆయన నెమలి అనేవారు, దుర్వాసన వేస్తోందని అక్కడి అమ్మాయి నాకు ఫిర్యాదు చేసింది. వెళ్ళి చూస్తే నిజమే, చచ్చిన చేపల వాసన. తాత వచ్చారు. వంగారు. మట్టి గిల్లి ముక్కు దగ్గర పెట్టుకున్నారు, కళ్ళు మూసుకున్నారు.

"మంచిగున్నది" అన్నారు.

నేను ఆ అమ్మాయి ముఖం చూశాను, ఆమె నా ముఖం చూసింది. ఆయనకి జలుబేమో అని సర్ది చెప్పేశాను. వారానికి నెమలి పోయింది. తర్వాత ఇంకో రెండు పోయాయి. నర్సరీ ఓనరు ఫోన్‌లో, "పెద్దాయనకి వయసైపోయింది మేడమ్, ఇంక పంపించేస్తాను" అనడం మొదలుపెట్టాడు.

అది జరిగిన కొన్నాళ్ళకి పాంట్రీలో పాలు పొంగి మాడిపోయాయి. ఫ్లోర్ అంతా కమురు వాసన. అందరూ ముక్కులు మూసుకుని కిటికీలు వెతుక్కుంటున్నారు, తెరుచుకునే కిటికీ ఒక్కటీ ఉండదు మా బిల్డింగులో. పాంట్రీ గుమ్మం పక్కనే తాత స్నేక్ ప్లాంట్ ఆకులు తుడుస్తున్నారు, నిదానంగా, ఒక్కో ఆకునూ కింది నుంచి పైకి. ఆ గందరగోళం ఎందుకో తెలియక తలెత్తి అందరినీ చూశారు. తర్వాత నన్ను చూశారు. నాకు అర్థమైపోయిందని ఆయనకి అర్థమైంది.

మెట్ల దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"చెప్పకు బిడ్డా" అన్నారు. "జ్వరం పోయింది గని ముక్కును ఎంటబెట్టుకపోయింది. చాయ్ తాగుతున్ననా ఉడుకు నీళ్లు తాగుతున్ననా తెల్వదు నాకు."

"డాక్టరుకి చూపించుకున్నారా?"

"సూపిచ్చిన. వస్తే రావొచ్చు, రాకపోతే రాకపోవచ్చు అన్నడు. గని వీళ్లకు తెలిస్తే నన్ను ఇంటికి తోలుతరు. నా బిడ్డ ఇంట్ల కూసోని ఏం చేయాలె నేను? మొక్క లేకుంటె నాకేం తోస్తది?"

అంతవరకూ ఆ గొంతు అలా వినలేదు నేను. ఒట్టేశాను, ఎవరికీ చెప్పనని. అప్పుడు నా బుర్రలో ఒక ఉపాయం వెలిగింది. అది వెలగకుండా ఉన్నా బాగుండేది.

సోమవారం సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు నలభై రెండు కుండీల వాసనా నేను చూస్తాను. కంపు కొట్టే కుండీలో కాఫీ కలుపుకునే చెక్క పుల్ల ఒకటి గుచ్చుతాను. మర్నాడు ఆయన వచ్చి, ఎప్పటిలాగే అందరి ముందూ వంగి, మట్టి గిల్లి ముక్కు దగ్గర పెట్టుకుంటారు. పుల్ల కనిపిస్తే గుట్టుగా తీసి జేబులో వేసుకుని, "దీని వేరు చెడ్డది, మార్వాలె" అంటారు. మేమిద్దరం ఎంత బాగా ఆడామంటే, ఓనరు మళ్ళీ పంపించేస్తానన్న మాట ఎత్తలేదు. మొక్కలు చావడం ఆగిపోయింది. నాక్కూడా మట్టి మాటలు అర్థం కావడం మొదలైంది. బాగున్న మట్టికి వానకి తడిసిన గోడ వాసన ఉంటుంది, చెడుతున్నదానికి మూత పెట్టి మరిచిపోయిన గిన్నె వాసన. మంగళవారం ఆయన పుల్ల తీసి నా వంక చూసి కనుబొమ ఎగరేస్తే నాకెంత గర్వంగా ఉండేదో. నేను ఆయనకి ముక్కునయ్యాననుకున్నాను. నలభై రెండు కుండీల వరకే అయ్యాననీ, ఆ రేకుల గదిలో ఆయన ఒక్కరే ఉంటారనీ నాకు తట్టలేదు.

కాదు, అబద్ధం ఎందుకు? తట్టింది. ఒక మంగళవారం ఆయన కుడిచేతి వెంట్రుకలు మాడిపోయి ఉన్నాయి. ఒక కనుబొమ సగమే ఉంది.

"ఏమైంది తాతా?"

"ఏం లేదు బిడ్డా. చాయ్ పెట్టంగ భగ్గుమన్నది జర" అని నవ్వారు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. గ్యాసుకి సొంతంగా వాసన ఉండదట, లీకైతే మనకి తెలియాలనే ఆ వాసన కలుపుతారట. ఆ సాయంత్రం మెట్రోలో అది చదివాను. వెంటనే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాను: తాత, పైపు. మంగళవారం మంగళవారం పొద్దున్నే మోగేలా పెట్టాను. మొదటి మంగళవారం ఆడిట్. దాని తర్వాతది క్లయింట్ల రాక. ఇంకోసారి కూకట్‌పల్లిలో గ్యాస్ పైపుల షాపు దాకా వెళ్ళాను, మూసి ఉంది. ప్రతిసారీ "తర్వాత" అన్న బటన్ నొక్కాను. ఎన్నిసార్లు నొక్కానో చెప్పను, సిగ్గేస్తుంది. ఓనరుకి ఒక్క ఫోన్ చేస్తే గంటలో మార్పించేవాడు. కానీ ఇప్పుడే ఎందుకు, ఆయనకి వాసన తెలుస్తుంది కదా అని అతను అడిగితే ఏం చెప్పాలో తెలియక చేయలేదు. రాయదుర్గం మెట్ల మీద ఆ మెసేజ్ కింద వెలుగుతున్న రిమైండర్ అదే.

పదకొండో రోజు అయ్యాక ఆయన కూతురు ఆఫీసుకి వచ్చింది. హౌస్‌కీపింగ్ గదిలో మేకుకి తాత సంచి వేలాడుతోంది, అది తీసుకెళ్ళడానికి. నా వయసే ఉంటుంది. చేతుల్లో తాత వేళ్ళే, పొడుగ్గా.

"మొక్కల మేడమ్ మీరేనా? మా నాయిన మస్తు చెప్తుండె మీ గురించి" అంది. సంచిలో తడిగుడ్డ, చిన్న కత్తెర, బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉన్నాయి. డబ్బా మూత తీసి నాకు చూపించింది. నిండా చెక్క పుల్లలు, దారంతో కట్టలు కట్టి.

"ఇవేందో సమజ్ అయితలేదు మేడమ్. ఇన్ని పుల్లలు ఎందుకు దాసిండు?"

ఆ వెంటనే ఆమె అసలు సంగతి అడిగింది. "మా నాయిన తాగుతుండెనా మేడమ్? అందరు గట్లనే అంటున్నరు. మా అత్తోళ్లు సుత అన్నరు. నాకు తెలిసి ముట్టడు. గని అంత వాసన తెల్వకుంట ఎట్ల ఉంటది?"

ఆయన తాగరమ్మా అని ఊరుకోవచ్చు. ఆ ఒక్క మాటతో ఆమెకి ఊరట దొరికేది కాదు, నాకు దొరికేది. కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. జ్వరం, నెమలి, మాడిన పాలు, మెట్ల దగ్గర వేసిన ఒట్టు, పుల్లలు, కాలిన కనుబొమ, పైపు, రిమైండర్. ఆమె అంతా వింటూనే డబ్బా మూత మీద వేలితో గీస్తూ కూర్చుంది.

"మా అత్తకు ఫోన్ చేస్త. తాగలేదని నువ్వు చెప్తవా?" అంది చివరికి.

ఫోన్ కలిపి ఇచ్చింది. చెప్పాను. ఆయనకి ఆర్నెల్లుగా వాసన తెలియదండి, ఆ సంగతి నాకు తెలుసండి, నేనే ఎవరికీ చెప్పలేదండి అని మూడు మాటలూ చెప్పాను. అవతల ఆవిడ అయ్యో అంది. అంతే.

లిఫ్ట్ దాకా వెళ్ళాను ఆమెతో. తలుపులు తెరుచుకున్నాక లోపలికి వెళ్ళి, ఇటు తిరిగి నిలబడింది. గొంతులో కోపం లేదు.

"మొక్కలకు పుల్ల పెట్టినవు మేడమ్. మా నాయినకు పెట్టకపోతివి."

తలుపులు మూసుకున్నాయి.

ఇప్పుడు కొత్త మాలి వస్తున్నాడు. మంచివాడే, పనిమంతుడే. ఆకులు తళతళలాడేలా తుడుస్తాడు, నీళ్ళు పోస్తాడు, వంగడు. నేను మాత్రం ఎక్కడికి వెళ్ళినా వాసన చూస్తున్నాను. ఇంట్లో కూరగిన్నె దించాక సిలిండర్ దగ్గర కూర్చుని చూస్తాను. కాఫీ కప్పులో మొదటి గుక్కకి ముందు చూస్తాను, వాసన తగిలేదాకా తాగబుద్ధి కాదు.

మెసేజ్ రావడానికి ముందు రోజు, ఆ సోమవారం సాయంత్రం కూడా నేను కుండీలన్నీ చూశాను. ఏమీ తెలియదు కదా. మెట్ల దగ్గర పదిహేను దినాల గడువులో ఉన్న కొత్త అగ్లోనిమా మొక్క మట్టి తేడాగా అనిపించి, రేపు తాత చూస్తారులే అని పుల్ల గుచ్చి ఇంటికి వెళ్ళాను. నేనది గుచ్చే వేళకి ఆయన లేరు. పదిహేను దినాలు ఎప్పుడో అయిపోయాయి. ఆ మొక్కని లోపలికి తేవాలని ఎవరికీ గుర్తు లేదు. మొదలు నల్లబడి పక్కకి ఒరిగింది. దాని పక్కన పుల్ల మాత్రం నేను పెట్టినట్టే నిటారుగా ఉంది.